బొగ్గు దీవిలో జొన్న విత్తనం

మహబూబ్‌నగర్ దగ్గర మా పల్లెలో నాయనమ్మ పచ్చజొన్న విత్తనం దాచే తీరు ఇంకా నా కళ్ల ముందే ఉంది. మంచి కంకులు ఏరి, గింజలు గలగలమనేదాకా ఎండబెట్టి, బూడిద, వేపాకు కలిపి కుండలో పోసి, మూతి చుట్టూ పేడతో మెత్తేది. మిరుగు వచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టొద్దు. ఇప్పుడు ఆ చేలల్లో పత్తి, బోరు పడ్డచోట వరి. జొన్న రకాలు మాత్రం వేల కొద్దీ ఉత్తర ధ్రువానికి దాదాపు 1,300 కిలోమీటర్ల దూరంలో, స్పిట్స్‌బెర్గెన్ అనే నార్వే దీవిలో, కొండ కడుపులో భద్రంగా ఉన్నాయి.

అక్కడికెందుకు వెళ్లాయో తెలియాలంటే బొగ్గు దగ్గర మొదలుపెట్టాలి. 1596లో డచ్ నావికుడు బారెంట్స్ బృందం కంటపడ్డాక ఆ దీవి చాలాకాలం తిమింగలాల వేటగాళ్లదే. పట్టా ఎవరికీ లేదు. 1906లో లాంగ్‌ఇయర్ అనే అమెరికన్ బొగ్గు గని తెరిచాడు. పాలమూరు నిజాం పేరుతో మహబూబ్‌నగర్ అయినట్టే, ఆ గని ఊరు లాంగ్‌ఇయర్‌బీన్ అయింది. బొగ్గు దొరికాక భూమి ఎవరిదన్న తగువు రాకుండా ఉంటుందా? 1920 ఫిబ్రవరి 9న పారిస్‌లో ఒప్పందం కుదిరింది. ఆ దీవి, దాని చుట్టుపక్కల దీవులు నార్వేవి. అయితే సంతకం చేసిన దేశాలవాళ్లందరూ అక్కడ వేటాడొచ్చు, గనులు తవ్వొచ్చు. యుద్ధానికి మాత్రం వాడకూడదు. సంతకాల్లో ఇండియా తరఫున కూడా ఒకటుంది, పెట్టించింది లండన్. అప్పటికి నల్లగొండ, పాలమూరు నిజాం ఏలుబడిలో ఉన్నాయి. ఈ ముచ్చట ఇక్కడ ఎవరి చెవినా పడి ఉండదు.

అదే దీవిలో ఇంకా ఉత్తరాన నీ-ఓలెసున్ అనే మరో గని ఊరుంది. 1962 నవంబర్ 5న అక్కడ పేలుడు జరిగి 21 మంది కార్మికులు చనిపోయారు. ఆ గొడవకు మరుసటి ఏడాది నార్వే ప్రభుత్వమే పడిపోయింది, గని మూతపడింది. గని ఊరు మెల్లగా శాస్త్రవేత్తల ఊరైంది. 2008 జులై 1న మన దేశపు 'హిమాద్రి' పరిశోధన కేంద్రం మొదలైంది కూడా ఇక్కడే. మన రుతుపవనాలకూ అక్కడి మంచుకూ ఉన్న లంకె ఏమిటన్నది అక్కడ చూసే పనుల్లో ఒకటి. వానాకాలం మొగులు వైపు చూసే పాలమూరుకు ఇది పరాయి సంగతేం కాదు.

విత్తనాల కథ కూడా గనిలోనే మొదలైంది. 1984లో నార్వే, స్వీడన్ లాంటి నార్డిక్ దేశాలు తమ విత్తనాల నకళ్లను లాంగ్‌ఇయర్‌బీన్ దగ్గరి పాత బొగ్గు గనిలో పెట్టాయి. ఆ ఆలోచనే పెరిగి 2008 ఫిబ్రవరి 26న ప్రపంచ విత్తన ఖజానా అయింది. 1972 నుంచి పటాన్‌చెరులో ఉన్న మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తన జొన్న, సజ్జ, కంది, శనగ, పల్లి రకాల నకళ్లను అక్కడికి పంపింది. గింజను బాగా ఆరబెట్టి, రేకు ప్యాకెట్లలో సీలు చేసి, మైనస్ 18 డిగ్రీల్లో ఉంచుతారు. తడి, గాలి, పురుగు తగలొద్దన్న లెక్క మా నాయనమ్మదే. ఒక్క చలి మాత్రం ఆమె చేతిలో లేదు. కొండకు ఉన్న సొంత చలి చాలక మెషీన్లు నడపాలి. విచిత్రమేమిటంటే, 2023 దాకా ఆ ఊరికి కరెంటు బొగ్గుతోనే వచ్చేది. 2016లో మంచు కురవాల్సిన కాలంలో వాన పడి, సొరంగం మొదట్లోకి నీళ్లొచ్చాయి. విత్తనాలకు ఏమీ కాలేదు గానీ, తర్వాత ఆ దారిని వాటర్‌ప్రూఫ్ చేయాల్సి వచ్చింది.

ఖజానా అంటే బ్యాంకు లాకరే. దాచినవాళ్లు తప్ప ఇంకెవరూ తీయలేరు. మొదటిసారి 2015లో తీసింది ఎండు నేలల పంటలపై పరిశోధన చేసే ఇకార్డా సంస్థ. యుద్ధంతో సిరియాలోని తన విత్తన బ్యాంకు అందకుండా పోవడంతో తన విత్తనాలు వెనక్కి తెచ్చి, లెబనాన్, మొరాకోల్లో పండించి, మళ్లీ కొన్ని ఆ ఖజానాలోనే దాచింది. నా అభిప్రాయంలో, గడ్డకట్టిన గింజ చేనులో ఏటా వేసే గింజకు సాటి రాదు. చేనులోది ఇక్కడి మట్టికి, ఎండకు తగ్గట్టు మారుతూ పోతుంది. మా ఊరి రైతుకు పాత రకం జొన్న కావాలంటే స్పిట్స్‌బెర్గెన్ తలుపు తట్టి లాభం లేదు, పటాన్‌చెరునే అడగాలి.