తల్వార్ నావికులు: యుద్ధం గెలిచారు, కొలువు పోగొట్టుకున్నారు

కేంద్ర ప్రభుత్వం స్వాతంత్ర్య సమరయోధులకు ఇచ్చే పింఛనుకు అర్హమైన పోరాటాల జాబితాలో 1946 నాటి నావికుల తిరుగుబాటు కూడా ఉంది. బ్రిటిష్ రాజు జీతం మీద రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసినవారు సత్యాగ్రహుల సరసన ఎలా చేరారో తెలుసుకోవాలంటే, వారిలో ఒకరైన బి.సి. దత్ 1971లో అచ్చువేయించిన జ్ఞాపకాలు మంచి ఆధారం.

బెంగాల్ కుర్రవాడైన దత్ 1941లో రాయల్ ఇండియన్ నేవీలో టెలిగ్రాఫిస్టుగా చేరాడు. యుద్ధం మొదలయ్యేనాటికి చాలా చిన్నదైన ఆ దళం ఆరేళ్లలో పది రెట్లకు పైగా పెరిగింది. 1942 నవంబరు 11న 'బెంగాల్' అనే చిన్న నౌక, తోడు వస్తున్న డచ్చి చమురు ఓడతో కలిసి, తనకంటే ఎన్నో రెట్లు పెద్దవైన రెండు జపాన్ యుద్ధనౌకలను ఎదిరించగా వాటిలో ఒకటి మునిగిపోయింది. 1943లో ఇటలీ ద్వీపమైన సిసిలీపై మిత్రదేశాల దండయాత్రలోనూ భారతీయ నౌకలు పాల్గొన్నాయి. ఇంత చేసి ఒడ్డుకు చేరినవారికి దక్కింది తినలేని అన్నం, తెల్ల నావికులకంటే తక్కువ జీతం, అధికారుల నోటి దురుసు, పైగా రేపోమాపో ఇంటికి పంపేస్తారన్న భయం. తిరుగుబాటు వేళ్లు ఈ అవమానంలోనే ఉన్నాయని నా నమ్మకం. ఆజాద్ హింద్ ఫౌజ్ వీరులపై ఎర్రకోటలో నడుస్తున్న విచారణ దానికి ఒక భాషనిచ్చింది.

బొంబాయి కొలాబాలోని 'తల్వార్' నౌకాదళ సిబ్బందికి వైర్‌లెస్ సంకేతాల పని నేర్పే శిక్షణ కేంద్రం. 1945 డిసెంబరు 1న నేవీ దినోత్సవానికి ఊరి పెద్దలను ఆహ్వానించారు. ఆ రోజు తెల్లవారేసరికి కవాతు మైదానంలో సగం కాలిన జెండాలు, జెండాకొయ్యకు వేలాడుతున్న చీపుళ్లు, బకెట్లు, గోడల మీద పెద్ద అక్షరాలతో 'క్విట్ ఇండియా' కనిపించాయి. అది దత్, అతని మిత్రుల పని. ఫిబ్రవరి 2న దత్ పట్టుబడ్డాడు.

1946 ఫిబ్రవరి 18 ఉదయం తల్వార్ నావికులు ఫలహారం ముట్టలేదు. వారంతా సంకేతాల పనివారు కనుక కబురు ఓడనుంచి ఓడకు వైర్‌లెస్‌లోనే పాకింది. 78 నౌకలు, 20 తీర స్థావరాలు, సుమారు 20,000 మంది నావికులు ఆ సమ్మెలో చేరారు. కరాచీలో 'హిందుస్థాన్' నౌకపై ఫిరంగులు మోగాయి. సెగ విశాఖపట్నం దాకా వచ్చింది. బొంబాయి వీధుల్లో వారికి మద్దతుగా నిలిచిన జనం మీద జరిగిన కాల్పుల్లో రెండు వందల మందికి పైగా చనిపోయారు. కక్షసాధింపు జరగకుండా కాంగ్రెస్ చూస్తుందన్న సర్దార్ పటేల్ హామీతో 23న నావికులు లొంగిపోయారు.

ఆ హామీ నిలవలేదు. 476 మందిని కొలువునుంచి తొలగించారు. మరుసటి ఏడాది స్వాతంత్ర్యం వచ్చింది. భారత్, పాకిస్తాన్ రెండు దేశాల నౌకాదళాలూ వెలిశాయి. వీరిని మాత్రం ఏ దళమూ తిరిగి పిలవలేదు. క్రమశిక్షణ చెడుతుందన్న అధికారుల వాదనను నేను ఒప్పుకోలేను, ఎందుకంటే వారు ధిక్కరించిన ప్రభుత్వాన్నే దేశమంతా ధిక్కరించింది. దత్ పత్రికారంగంలో బతుకుతెరువు వెతుక్కున్నాడు. పింఛను హక్కు వచ్చేసరికి పాతికేళ్లు దాటిపోయాయి; అదైనా ఐదు రోజుల సమ్మెకు గుర్తింపే గాని, అంతకుముందు సముద్రం మీద గడిపిన యుద్ధకాలానికి కాదు.

చివరికి భారత నౌకాదళం రెండు టగ్గు పడవలకు సమ్మె సంఘం ఉపాధ్యక్షుడు మదన్ సింగ్, బి.సి. దత్‌ల పేర్లు పెట్టింది. పెద్ద యుద్ధనౌకలను రేవులోకి లాగి తెచ్చే పడవలవి.