‘లావు కాదు, పొట్ట ఒక్కటే’: గుండెల్లో మంట గురించి అపోహలు - వాస్తవాలు

గుండెల్లో మంట అంటూ ఓపీకి వచ్చినవాళ్లని బరువు గురించి అడిగితే కొందరు నొచ్చుకుంటారు. “ముందు మంటకి మందు రాయండి సార్” అంటారు. ఇంకొందరు చొక్కా కిందికి లాక్కుని, “నేనేం లావు కాదు కదా, పొట్ట ఒక్కటే కొంచెం వచ్చింది” అని నవ్వేస్తారు. ఈ రెండో మాటతోనే నాకు పేచీ. మంట రావడానికి ఆ పొట్ట ఒక్కటి చాలు.

అపోహ: చేతులూ కాళ్లూ సన్నగా ఉన్నాయి కాబట్టి నా మంటకీ బరువుకీ సంబంధం లేదు.

అన్నవాహిక జీర్ణాశయంలో కలిసేచోట ఒక కండరం బిగిసి ఉంటుంది. మింగినప్పుడు తెరుచుకుని మళ్లీ మూసుకోవాలి. దానికి డయాఫ్రం, అంటే ఛాతీకీ కడుపుకీ మధ్య అడ్డంగా ఉండే కండరపు పొర, కూడా చుట్టూ పట్టు ఇస్తుంది. పేగుల చుట్టూ కొవ్వు పేరుకుంటే కడుపు లోపల ఒత్తిడి పెరిగి, రోజంతా అలాగే ఉంటుంది. కూర్చున్నా, చెప్పులు వేసుకోవడానికి వంగినా ఇంకా పెరుగుతుంది. ఆ ఒత్తిడికి కండరం మాటిమాటికీ వదులవుతుంది. కొందరిలో జీర్ణాశయం పైభాగం డయాఫ్రం దాటి పైకి జారుతుంది. దాన్నే హయటస్ హెర్నియా అంటాం. మూత వదులైన సీసాని నొక్కినట్టు ఆమ్లం పైకి తంతుంది. తొడల్లో ఉన్న కొవ్వు ఈ పని చేయదు.

అందుకే నాకు తూకం కన్నా టేపు మీద నమ్మకం ఎక్కువ. మన దేశపు లెక్కలో నడుము చుట్టుకొలత మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటకూడదు. బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువు చూసే లెక్క, 23 దాటితే మనకి అధిక బరువే. ప్యాంటు సైజు మాత్రం చెప్పొద్దు, పొట్ట కిందికి కట్టే ప్యాంటు ఎన్నేళ్లయినా 34 దగ్గరే ఆగుతుంది. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యలో, ఊపిరి బిగబట్టకుండా కొలవాలి.

ఎరువుల షాపు నడిపే ఒకాయన గుర్తొస్తున్నారు. చూడ్డానికి సన్నటి మనిషి, బరువు 72 కేజీలు. టేపు పెడితే 101 సెంటీమీటర్లు. చొక్కా జేబులో బిల్లుబుక్కు పక్కనే సగం వాడిన గ్యాస్ మాత్రల షీటు. ఏళ్ల తరబడి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుంటున్నవే. “పచ్చళ్లు మాన్పించాను, పులుసు మాన్పించాను, ఇంట్లో రెండు వంటలు చేస్తున్నానండీ” అని వాళ్లావిడ మొర. “రాత్రి ఉత్త పెరుగన్నమే సార్” అని ఆయన. ఆ పెరుగన్నం ఎన్నింటికి అని అడిగాను. షాపు కట్టేసి, లెక్క చూసుకుని ఇంటికెళ్లేసరికి పదిన్నర. పదకొండుకల్లా మంచమెక్కుతారు. కారం జోలికి నేను పోలేదు. సాయంత్రం ఏడున్నరకి షాపుకే క్యారియర్ పంపమన్నాను, అన్నం సగానికి తగ్గించి కూర పెంచమన్నాను, పొద్దున మార్కెట్ యార్డు చుట్టూ నడవమన్నాను. ఆరు నెలల్లో ఏడు కేజీలు తగ్గారు. మంట నెలకోసారి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఆవిడ అడిగింది ఒకే ఒక్క మాట: “ఈ వేసవికి ఆవకాయ పెట్టుకోవచ్చా?” పెట్టుకోమన్నాను.

ఇదేదో ఒక్కరి అదృష్టం అనుకోవద్దు. 2006లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అమెరికా నర్సుల మీద చేసిన పెద్ద పరిశీలన వచ్చింది. మామూలు బరువున్న ఆడవాళ్లలో కూడా, బీఎంఐ మూడున్నరకి మించి పెరిగినవాళ్లకి తరచూ మంట వచ్చే అవకాశం రెండున్నర రెట్ల పైన కనిపించింది. ఐదడుగుల రెండంగుళాల మనిషికి అది సుమారు 9 కేజీలు. బీఎంఐ అంతే తగ్గినవాళ్లలో మంట దాదాపు 40 శాతం తక్కువ. కాబట్టి “పెళ్లినాటికన్నా ఎంత పెరిగారు” అని నేను అడగడం మిమ్మల్ని వెక్కిరించడానికి కాదు. మళ్లీ పెళ్లినాటి బరువుకి రానక్కర్లేదు, ఉన్నదాంట్లో ఐదు నుంచి పది శాతం తగ్గినా చాలామందికి తేడా తెలుస్తుంది.

అపోహ: మాత్ర వేసుకుంటున్నాను కదా, సరిపోతుంది.

మాత్ర ఆమ్లాన్ని తగ్గిస్తుంది, పైకి తన్నడాన్ని ఆపదు. అందుకే మంట పోయినా పులితేన్పులు పోవు. అలాగని వాట్సాప్‌లో ఎవరో కిడ్నీలు పోతాయన్నారని ఒక్కసారిగా ఆపేయకండి. అన్నవాహికలో పుండ్లు ఉన్నవాళ్లకి అది అవసరం. పాంటోప్రజోల్ అయితే టిఫిన్‌కి అరగంట ముందు వేసుకోవాలి, మంట మొదలయ్యాక కాదు. ఎంతకాలం వాడాలో రాసిన డాక్టర్‌ని అడగండి, షాపు కుర్రాడిని కాదు.

ఎండోస్కోపీ రిపోర్టులో ‘లాక్స్ ఎల్‌ఈఎస్’ అని చూసి నిద్రపోని వాళ్లని చాలామందిని చూస్తుంటాను. ఒకమ్మాయి రిపోర్టు మడతపెట్టి పర్సులో దాచుకుని, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఏడ్చుకుంటూ వచ్చింది, క్యాన్సర్ అనుకుని. తల్లీ, దానర్థం ఇందాక చెప్పిన కండరం వదులుగా కనిపించిందని, అంతే. రిపోర్టులో ‘గ్రేడ్ ఎ’ అని ఉంటే అన్నవాహికలో చిన్న గీతల్లాంటి పుండ్లు ఉన్నాయని. భయపడాల్సినవి వేరే ఉన్నాయి: ముద్ద మింగుడు పడకపోవడం, నల్లటి విరేచనం, రక్తపు వాంతి, ప్రయత్నించకుండానే బరువు తగ్గిపోవడం. వీటిలో ఒక్కటున్నా ఆలస్యం చేయొద్దు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పొట్ట తగ్గిస్తుందని బిగించే బెల్టులు లోపలి ఒత్తిడిని ఇంకా పెంచుతాయి, తీసి పారేయండి. పరగడుపున నిమ్మరసం, యాపిల్ సైడర్ వెనిగర్ కొవ్వుని కరిగించవు, మంటని మాత్రం పెంచగలవు. పాలు తాగితే కాసేపు హాయి, అంతే. రెండు దిండ్లు పెడితే మెడ నొప్పి తప్ప లాభం లేదు, మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎడమవైపు తిరిగి పడుకోండి. బరువు తగ్గడానికి స్లీవ్ ఆపరేషన్ (జీర్ణాశయాన్ని కోసి చిన్నది చేయడం) అనుకుంటుంటే మంట సంగతి సర్జన్‌కి ముందే చెప్పండి. స్లీవ్ తర్వాత కొందరికి మంట పెరుగుతుంది, బరువు కోసమే చేసే గ్యాస్ట్రిక్ బైపాస్‌లో (గుండె బైపాస్ కాదు) ఆ బెడద తక్కువ. సన్నగా ఉన్నవాళ్లకీ మంట వస్తుందా? వస్తుంది, వాళ్లని బరువు తగ్గమని ఎవరూ చెప్పరు.

ఒక్కటి మాత్రం గబగబా దాటలేను. పొట్ట ఉన్నవాళ్లకి గుండెజబ్బు ముప్పు కూడా ఎక్కువే. ఛాతీ మీద బరువు పెట్టినట్టుండి, చెమటలు పట్టి, నొప్పి దవడకో చేతికో పాకితే, నడిస్తే ఎక్కువవుతుంటే, “గ్యాసేలే” అని ఈనో కలుపుకుని పడుకోవద్దు. రాత్రి రెండైనా సరే లేచి వెళ్లి ఈసీజీ తీయించుకోండి. గ్యాసని తేలితే పొద్దున తాపీగా నా దగ్గరికి రావచ్చు.