ఎనిమిది రూపాయల మార్పిడి: పెట్రోలు సెస్ ఎటు పోయింది, మన రోడ్లకు ఏం మిగిలింది

పెట్రోలు ధర మీద మళ్లీ పాత పంచాయితీయే నడుస్తోంది. రాష్ట్రం వ్యాట్ తగ్గించాలని ఒకరంటే, ముందు కేంద్రం సెస్ తగ్గించాలని ఇంకొకరు. 2010లో పెట్రోలుకు, 2014లో డీజిల్‌కు ధరల నియంత్రణ ఎత్తేసిన కథ అందరికీ తెలిసిందే, దాన్ని వదిలేద్దాం. ఇప్పటి తగవు ఎక్కడ మొదలైందో తెలియాలంటే 2018 ఫిబ్రవరి 1 నాటి బడ్జెట్ చూడాలి.

ఆ బడ్జెట్‌లో పెట్రోలు, డీజిల్ మీద మూల ఎక్సైజ్ సుంకం లీటరుకు 2 రూపాయలు తగ్గింది. అప్పటికి రోడ్డు సెస్ కింద తీసుకుంటున్న 6 రూపాయల అదనపు సుంకం పోయింది. రెండూ కలిపి 8 రూపాయలు. సరిగ్గా అదే 8 రూపాయలతో 'రోడ్డు, మౌలిక వసతుల సెస్' పుట్టింది. బంకులో ధర పైసా కదల్లేదు. కదలలేదు కాబట్టే ఎవరూ పట్టించుకోలేదు.

మూల ఎక్సైజ్ అయితే రాష్ట్రాలతో పంచుకోవాలి. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా తేల్చే ఆర్థిక సంఘాల్లో 14వ దాని లెక్కన అందులో 42 శాతం, 15వ సంఘం వచ్చాక 41 శాతం రాష్ట్రాలది. సెస్‌లో ఆ పంపకం లేదు, వసూలైనదంతా కేంద్రం చేతిలోనే. ఆ రోజు పంపకపు కుండలోంచి తీసింది రెండు రూపాయలే. అసలు సంగతి ఆ రెండు రూపాయల్లో లేదు, దాంతో పడిన దారిలో ఉంది.

అదే ఏడాది 2000 నాటి కేంద్ర రోడ్డు నిధి చట్టం కూడా మారింది. పాత చట్టంలో మొదట లెక్క కట్టుదిట్టంగా ఉండేది: డీజిల్ సెస్‌లో సగం పల్లె రోడ్లకు, మిగతా సగం, పెట్రోలు సెస్ కలిపి అందులో 57.5 శాతం జాతీయ రహదారులకు, 30 శాతం రాష్ట్ర రోడ్లకు, 12.5 శాతం రైల్వే వంతెనలు, గేట్ల భద్రతకు. కొత్త రూపంలో నిధి పేరులో 'మౌలిక వసతులు' చేరింది, రోడ్డు పక్కన రైల్వేలు, జలమార్గాలు, ఇంకా ఎన్నో వచ్చి కూర్చున్నాయి. ఎవరికెంతన్నది ఆర్థిక మంత్రి నేతృత్వంలోని కమిటీ చూసుకుంటుంది. పల్లె రోడ్డుకు చట్టంలో రాసి ఉన్న వాటా అలా చెరిగిపోయింది.

ఈ మార్పిడి బలమెంతో 2020 మేలో తెలిసింది. కరోనాతో ముడిచమురు పడిపోయినప్పుడు కేంద్రం ఒక్క రాత్రిలో పెట్రోలు మీద 10, డీజిల్ మీద 13 రూపాయలు పెంచింది. అందులో రోడ్డు సెస్ 8 చొప్పున, మిగతాది ప్రత్యేక అదనపు ఎక్సైజ్, అదీ పంపకంలోకి రానిదే. పంచుకోవాల్సిన మూల సుంకంలో ఒక్క పైసా పెరగలేదు. 2021 బడ్జెట్‌లో వ్యవసాయ సెస్ వచ్చి, మూల సుంకం పెట్రోలు మీద 2.98 నుంచి 1.40కి దిగింది. అప్పుడు పెట్రోలు మీద కేంద్ర సుంకం మొత్తం 32.90 రూపాయలు: మూల సుంకం 1.40, ప్రత్యేక ఎక్సైజ్ 11, రోడ్డు సెస్ 18, వ్యవసాయ సెస్ 2.50.

లెక్క వేసి చూస్తే విషయం తేటగా కనిపిస్తుంది. ఆ 2021 రేట్లతో దేశంలో ఎక్కడో లక్ష లీటర్ల పెట్రోలు అమ్ముడైందనుకోండి. కేంద్రానికి 32 లక్షల 90 వేలు. పంపకానికి వచ్చేది 1,40,000. అందులో అన్ని రాష్ట్రాలకూ కలిపి 41 శాతం, అంటే 57,400. 15వ సంఘం లెక్కన రాష్ట్రాల సొమ్ములో తెలంగాణ వాటా 2.102 శాతం. చేతికొచ్చేది 1,206 రూపాయలు.

వ్యాట్ తగ్గించమని అడిగినప్పుడల్లా రాష్ట్రంలో ఎవరు గద్దె మీదున్నా ముందుగా ఎత్తిచూపేది ఈ తీరునే. 2022 ఏప్రిల్ 27న ముఖ్యమంత్రుల సమావేశంలో ప్రధాని వ్యాట్ తగ్గించని రాష్ట్రాల పేర్లు చదివారు, అందులో తెలంగాణ ఉంది. పెంచింది మీరు, పంచనిది మీరు, తగ్గించాల్సింది మేమా అన్నది ఇక్కడి జవాబు. కరోనా వేళ ఉచిత బియ్యం, టీకాలు, పాత చమురు బాండ్ల (ధర తగ్గించి అమ్మినందుకు చమురు కంపెనీలకు నగదు బదులు రాసిచ్చిన పత్రాల) బాకీ అని కేంద్రం వైపు వాదన.

రాష్ట్రం మాటలోనూ ఒక చిల్లు ఉంది. తెలంగాణ వచ్చాక పన్ను పెంచనేలేదన్నది నిజం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో పెట్రోలు మీద 31, డీజిల్ మీద 22.25 శాతం ఉన్న వ్యాట్‌ను 2015 జనవరిలో 35.2కు, 27కు తెచ్చారు. పైగా వ్యాట్ పడేది కేంద్ర సుంకం కలిసిన ధర మీద. కేంద్రం డీజిల్ మీద రూపాయి పెంచితే రాష్ట్రానికి 27 పైసలు కూర్చున్నచోటే వస్తాయి, తగ్గిస్తే పోతాయి. 2022 మేలో కేంద్రం డీజిల్ మీద 6 రూపాయలు తగ్గిస్తే హైదరాబాద్‌లో ధర ఏడున్నరకు పైగా దిగింది అందుకే. 2021 నవంబరులో, ఆ మేలో జరిగిన కోతలు రెండూ రోడ్డు సెస్‌లోనే పడ్డాయి. పెట్రోలుపై 18 కాస్తా 5 అయింది, డీజిల్‌పై 2. మూల సుంకం అలాగే ఉంది కాబట్టి రాష్ట్రాల వాటాకు నష్టం లేదని కేంద్రం అన్నది నిజమే. రోడ్డు పేరు మీద వేసిన సెస్ రోడ్డు అవసరాన్ని బట్టి కాక ధరల రాజకీయాన్ని బట్టి పెరిగి తగ్గుతుందన్నది మాత్రం ఆ రెండు కోతలతో బయటపడింది.

ఇక రోడ్డు దగ్గరకు వద్దాం. సెస్ సొమ్ములో పెద్ద ముక్క పోయేది జాతీయ రహదారులకు. యాదాద్రి–వరంగల్ నాలుగు వరుసలు అలా వచ్చినవే, 2023 జులై 8న వరంగల్‌లో ప్రధాని శంకుస్థాపన చేసిన 68 కిలోమీటర్ల కరీంనగర్–వరంగల్ విస్తరణా ఆ కోవదే. వరంగల్ నుంచి హైదరాబాద్ పోయేవాళ్లు లీటరు లీటరుకూ సెస్ కట్టి, కోమళ్ల దగ్గర, బీబీనగర్ దగ్గర టోల్ మళ్లీ కడుతున్నారు. ఆర్ అండ్ బీ, పంచాయతీరాజ్ రోడ్లకు ఆ నిధి నుంచి వచ్చేది పనివారీ మంజూరు. గుంతలు పూడ్చే ఖర్చు రాష్ట్ర ఖజానాదే. 2023 జులైలో మోరంచవాగు పొంగినప్పుడైనా, 2024 సెప్టెంబరులో మహబూబాబాద్ వైపు వాగులు ఊళ్లను ముంచినప్పుడైనా కోతపడిన రోడ్ల బరువు పడింది అక్కడే.

డాంబర్ కూడా ముడిచమురులోంచి వచ్చేదేనన్నది చాలామంది మరిచిపోతారు. ఏడు మీటర్ల వెడల్పు రోడ్డు మీద 30 మిల్లీమీటర్ల మందం పొర వేయాలంటే కిలోమీటరుకు సుమారు 500 టన్నుల మిక్స్ కావాలి. అందులో అయిదు శాతం పైచిలుకు డాంబర్, అంటే 25 నుంచి 27 టన్నులు. దాని మీద జీఎస్టీ 18 శాతం. హాట్ మిక్స్ ప్లాంటు, టిప్పర్లు, పేవర్, రోలర్ తాగే డీజిల్ జీఎస్టీలో లేదు కాబట్టి దాని మీద కట్టిన పన్ను కాంట్రాక్టర్‌కు తిరిగి రాదు. చమురు ధర లేచిన ఏడాది అంచనాలు పాత రేట్లతో ఉంటే టెండరుకు ఎవరూ రారు. రెన్యువల్, అంటే పైపొర మళ్లీ వేయడం, ఒక ఏడు తప్పితే పై పొర నెర్రెలిస్తుంది, నీళ్లు కంకరలోకి దిగుతాయి. దాని మీద గ్రానైట్ లారీ, బొగ్గు టిప్పర్, ఇసుక లారీ నడిస్తే పైపొరతో పోవాల్సిన పని అడుగు నుంచి తవ్వి వేసేదాకా వస్తుంది. హ్యామ్ (హైబ్రిడ్ యాన్యుటీ, మొదట కొంత పెట్టుబడి కాంట్రాక్టరే పెట్టే) పద్ధతిలో 40 శాతం ఇప్పుడు, 60 శాతం ఏళ్ల తరబడి కిస్తీల్లో కట్టేలా రోడ్లు వేయాలని సర్కారు చూస్తున్నది ఈ ఇరుకులోంచే.

జనం తమ దారి తాము చూసుకుంటున్నారు. నాగపూర్ లైన్ లారీలు ఆదిలాబాద్‌లో ట్యాంకు నింపవు, పెన్‌గంగ దాటి మహారాష్ట్రలో నింపుకుంటాయి. 300 లీటర్ల ట్యాంకుకు లీటరుకు నాలుగు రూపాయలు మిగిలినా 1,200, ఒక పూట డ్రైవరు, క్లీనర్ల తిండికి పోను మిగులుతుంది. ఆ లీటర్ల మీద వ్యాట్ పక్క రాష్ట్రానికి పోతుంది. తగ్గిస్తే రాబడి పోతుందని భయపడేవాళ్లు తగ్గించనందుకు పోతున్న ఈ రాబడిని కూడా లెక్కలో వేసుకోవాలి.

లారీ వాళ్లకు ఉన్న ఆ వెసులుబాటు బస్సెక్కేవాళ్లకు లేదు. 2022 మార్చిలో టోకు డీజిల్ లీటరుకు 25 రూపాయల దాకా పెరగడంతో ఆర్టీసీ డిపో బంకులు పక్కనపెట్టి బయటి బంకుల్లో నింపించుకుంది. ఏప్రిల్‌లో డీజిల్ సెస్ అని పల్లెవెలుగు టికెట్ మీద 2, ఎక్స్‌ప్రెస్ మీద 5 రూపాయలు వేసింది. మే 22న డీజిల్ ధర ఏడున్నర రూపాయలు దిగింది. జూన్ 9 నుంచి ఆ సెస్‌ను దూరాన్ని బట్టి ఇంకా పెంచారు.