పైగాలి జాడ పట్టే బెలూన్లు

చలికాలం దగ్గర పడుతుంటే తెలంగాణ పత్రికల్లో ఒక ప్రకటన కనిపిస్తుంటుంది. రంగు పారాచూట్‌కు వేలాడుతూ పెట్టెలేవైనా మీ చేలలో దిగితే భయపడొద్దు, విప్పొద్దు, పోలీసులకు చెప్పండి అని దాని సారాంశం. అవి హైదరాబాద్‌లోని టాటా పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం ఎగరేసే పరికరాలు. పలచని పాలిథిన్ పొరతో చేసిన ఆ భారీ బెలూన్లు 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు చేరతాయి. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా పొలాల్లో ఒక పెద్ద గూడు లాంటిది దిగితే జనం గుంపులుగా వెళ్లి చూశారు. అదీ ఇక్కడి బెలూన్ మోసుకెళ్లిందే.

ఈ ప్రయోగాలకు చలికాలాన్నే ఎంచుకోవడానికి కారణం గాలి. వేసవిలో, వానాకాలంలో అంత ఎత్తున తూర్పు గాలి జోరుగా వీస్తుంది. అప్పుడు వదిలితే బెలూన్ ఎక్కడికో కొట్టుకుపోతుంది. చలికాలంలో ఆ జోరు తగ్గుతుంది కాబట్టి పరికరాలు మనకు అందే దూరంలో దిగుతాయి.

మన నెత్తిమీద గాలి ఒక్కటి కాదు, అంతస్తుకొక తీరు. జులైలో హైదరాబాద్ నుంచి వాతావరణ శాఖ బెలూన్‌ను వదిలారనుకుందాం. మొదట అది నైరుతి రుతుపవనాల వెంట తూర్పుకు పోతుంది. కొన్ని కిలోమీటర్లు పైకి వెళ్లాక వెనక్కి తిరిగి పడమటికి పరుగందుకుంటుంది. 14, 15 కిలోమీటర్ల ఎత్తున దక్షిణ భారతం మీదుగా తూర్పు గాలి గంటకు వంద కిలోమీటర్లు మించి దూసుకుపోతుంటుంది. ఈ తూర్పు జెట్ ప్రవాహం గురించి 1958లో ప్రపంచానికి వివరించినవారు మన వాతావరణ శాస్త్రవేత్త పంచేటి కోటేశ్వరం. కింద వాన తెచ్చే గాలి ఒక దిక్కుకు, దాని పైన మరో గాలి సరిగ్గా ఎదురు దిక్కుకు! మేఘాలకేసి చూస్తూ నిలబడినవాడికి ఇది ఎన్నటికీ తెలియదు.

బెలూన్ గాలిని కొలిచే పద్ధతి నాకు చాలా ఇష్టం. అందులో గాలిని కొలిచే పరికరమంటూ ఏదీ ఉండదు. గాలితో పాటే పోయేదానికి గాలి తగలదు. బెలూన్‌కు జెండా కడితే అది పక్కకు రెపరెపలాడదు. క్షణక్షణానికి బెలూన్ ఎక్కడుందో జీపీఎస్ చెబుతుంది. ఎంత దూరం, ఎటు జరిగిందో చూస్తే అదే గాలి వేగం, అదే గాలి దిక్కు. జీపీఎస్ రాకముందు కోణాలు కొలిచే దుర్భిణి అయిన థియోడొలైట్‌కు కన్ను ఆనించి, బెలూన్ మబ్బుల్లో కలిసిపోయేదాకా కోణాలు రాసుకునేవారు. సెకనుకు 5 మీటర్ల చొప్పున ఎక్కే రబ్బరు బెలూన్ గంటన్నర దాటాక 30 కిలోమీటర్లు అందుకుంటుంది. చుట్టూ గాలి పలచబడేకొద్దీ ఉబ్బి ఉబ్బి, చివరికి పగిలిపోతుంది. ప్రపంచమంతటా ఈ బెలూన్లను రోజుకు రెండుసార్లు దాదాపు ఒకే వేళకు వదులుతారు; మనకు తెల్లవారుజామున ఒకటి, సాయంత్రం ఒకటి.

ఇలా విసుగు లేకుండా దశాబ్దాల పాటు వదలబట్టే ఒక పెద్ద చిక్కుముడి విడింది. 1883 ఆగస్టులో ఇండోనేషియాలోని క్రకటోవా అగ్నిపర్వతం పేలింది. ఆ దుమ్ము రెండు వారాల్లోపే భూమధ్యరేఖ వెంబడి భూమిని చుట్టేసింది. సెప్టెంబరులో మద్రాసు ప్రాంతంలో సూర్యుడు ఆకుపచ్చగా కనిపించాడు. దుమ్ము ప్రయాణం తూర్పు నుంచి పడమటికి, కాబట్టి పైన ఉన్నది తూర్పు గాలేనని తేల్చారు. 1908లో జర్మన్ శాస్త్రవేత్త ఆర్థర్ బెర్సన్ ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సు దగ్గర బెలూన్లు వదిలితే పడమటి గాలి కనిపించింది. రెండింటిలో ఏది నిజం? యాభై ఏళ్ల పాటు రెంటికీ సరైన పొత్తు కుదరలేదు.

రెండూ నిజమే. పసిఫిక్ దీవుల నుంచి ఏళ్ల తరబడి వచ్చిన బెలూన్ లెక్కలను 1960-61లో అమెరికాలో రిచర్డ్ రీడ్, బ్రిటన్‌లో రాబర్ట్ ఎబ్డన్ ఎవరికి వారుగా పరిశీలించారు. భూమధ్యరేఖ మీద, మేఘాలకు పైనుండే స్ట్రాటో ఆవరణంలో కొన్నాళ్లు తూర్పు గాలి, కొన్నాళ్లు పడమటి గాలి వంతులేసుకుని వీస్తాయని తేలింది. ఒక చుట్టు తిరగడానికి సుమారు 28 నెలలు. ఏడాదికీ సరిపోదు, రెండేళ్లకూ సరిపోదు. ఏ రుతువుకూ లొంగని లెక్క అది.

ఇంకా ఆశ్చర్యమేమంటే, కొత్త గాలి పైన పుట్టి నెలకు సుమారు ఒక కిలోమీటరు చొప్పున కిందికి దిగుతుంది. కానీ దానికి బలం అందేది కింది నుంచే. ఉష్ణమండలపు ఉరుము మేఘాలు పుట్టించే తరంగాలు పైకి పాకుతాయి. తూర్పుకు సాగే తరంగాలు కొన్ని, పడమటికి సాగేవి కొన్ని. గాలి వేగం తమ వేగానికి దగ్గరపడిన చోట అవి మోసుకొచ్చిన ఊపును అక్కడే దింపేసి అణగిపోతాయి. దాంతో గాలి పొర అడుగు అంచున బలం పుంజుకుంటుంది, అంచు మరికాస్త కిందికి జరుగుతుంది. రిచర్డ్ లిండ్జెన్, జేమ్స్ హోల్టన్ 1968లో ఈ కీలకం పట్టుకున్నారు. హైదరాబాద్ అక్షాంశానికి వచ్చేసరికి ఈ ఊగిసలాట చాలావరకు పలచబడుతుంది.

తిరుపతి దగ్గర గాదంకిలో ఉన్న పెద్ద రాడార్ నింగికేసి నిట్టనిలువుగానూ, కాస్త వాలుగానూ చూస్తూ గాలులను కొలుస్తుంది. అయినా సుమారు 25 నుంచి 60 కిలోమీటర్ల మధ్య దానికి ప్రతిధ్వని అందదు. ఆ ఖాళీలో అడుగు భాగాన్ని బెలూన్ తాకి రాగలదు.

యాభై ఏళ్లకు పైగా తప్పకుండా నడిచిన, భూమధ్యరేఖ మీది ఆ గాలుల వంతు 2016 ఫిబ్రవరిలో తప్పింది. పడమటి గాలి తన పాటికి దిగుతుండగా, దాని మధ్యలోకి తూర్పు గాలి చీలికలా చొచ్చుకొచ్చింది. సింగపూర్‌లో రోజూ వదిలే మామూలు బెలూన్లలోనే అది కనబడింది. 2019-20లో మళ్లీ అలాగే జరిగింది.