ఎర్ర జెర్సీ, నీలం జెర్సీ, మధ్యలో ఒక అద్దె తగాదా

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. మొన్న వేసవి సెలవుల్లో మీరిద్దరూ హాల్లో పెట్టుకున్న గొడవ ఇంకా నా చెవుల్లోనే ఉంది. పెద్దాడిది లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్ళ ఎర్ర జెర్సీ. చిన్నదేమో పట్టుబట్టి ఎవర్టన్ వాళ్ళ నీలం జెర్సీ కొనిపించుకుంది. ఎందుకే అంటే "రంగు బాగుంది తాతయ్యా" అంది. "అదీ ఒక టీమేనా" అని వాడు ఏడిపించడం, ఇది రిమోట్ విసిరేయడం! ఆ రోజే చెబుదామనుకున్నాను, కానీ వినే ఓపిక మీకెక్కడిది? అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ఒరేయ్ పెద్దాడా, మీ వాళ్ళు ఆడే ఆన్‌ఫీల్డ్ మైదానం ఉందే, అందులో ముందు కాపురం చేసింది చెల్లెలి టీమేరా.

ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ ఊళ్ళో సెయింట్ డొమింగో అని ఒక మెథడిస్టు చర్చి ఉండేది. ఆ చర్చి కుర్రాళ్ళు వేసవిలో క్రికెట్ ఆడేవారు. చలికాలంలో ఖాళీగా కూర్చోవడం దేనికని 1878లో ఫుట్‌బాల్ టీం పెట్టుకున్నారు. బయటివాళ్ళు కూడా వచ్చి చేరడంతో మరుసటి ఏడాది తమ పేట పేరే టీమ్‌కి పెట్టారు. అదే ఎవర్టన్. మొదట స్టాన్లీ పార్కులో ఆడారు. అది అందరూ తిరిగే పార్కు, టికెట్ పెట్టడానికి లేదు. ఇంకో చోటికి మారి, చివరికి 1884లో ఆన్‌ఫీల్డ్‌కి చేరారు.

అక్కడ ఇంటి ఓనర్ లాంటి మనిషి జాన్ హౌల్డింగ్. బీరు తయారుచేసే వ్యాపారి, ఊళ్ళో పలుకుబడి ఉన్నవాడు. క్లబ్బుకి ప్రెసిడెంటూ ఆయనే, మైదానం అద్దె వసూలు చేసేదీ ఆయనే. మైదానం దగ్గరి ఆయన హోటల్లోనే ఆటగాళ్ళు బట్టలు మార్చుకునేవారు. టీం బాగా ఆడింది. 1888లో ఫుట్‌బాల్ లీగ్ మొదలైనప్పుడు చేరిన 12 క్లబ్బుల్లో ఎవర్టన్ ఒకటి. 1891లో లీగ్ గెలిచింది కూడా. అంటే ఆన్‌ఫీల్డ్‌కి మొదటి లీగ్ టైటిల్ తెచ్చింది నీలం టీమే. (అప్పటికి వాళ్ళది నీలం కాదనుకోండి, రంగుల సంగతి తర్వాత చెప్తాను.)

జనం పెరిగితే ఓనర్ ఊరుకుంటాడా? ఏడాదికి 100 పౌండ్లుండే అద్దె నాలుగైదేళ్ళలో 250 అయింది. పైగా మైదానంలో తన సరుకే అమ్మాలన్నాడు. క్లబ్బులో చాలామంది చర్చి నుంచి వచ్చినవాళ్ళు, మద్యమంటే గిట్టనివాళ్ళు. వాళ్ళ తరఫున నిలబడినవాడు జార్జ్ మాహన్, చర్చిలో ఆర్గన్ వాయించే ఆయన. మాటా మాటా పెరిగింది. 1892లో సభ్యుల్లో చాలామంది మూటాముల్లే సర్దుకుని బయటికొచ్చేశారు.

హౌల్డింగ్ చేతిలో మిగిలింది బోసి మైదానం. 'ఎవర్టన్' పేరైనా తన దగ్గరే ఉంచుకోవాలని చూశాడు గానీ, ఫుట్‌బాల్ పెద్దలు కుదరదన్నారు. దాంతో కొత్త క్లబ్బు పెట్టి ఊరి పేరే పెట్టాడు. అదిగో, అదే మీ లివర్‌పూల్! ఆడేవాళ్ళు లేకపోతే స్కాట్లాండ్ నుంచి తెప్పించాడు. చాలామంది పేర్లు 'మెక్'తోనే మొదలవుతున్నాయని జనం దాన్ని మెక్‌ల టీం అనేవారట. ఇక పెద్దాడు నమ్మని సంగతి ఒకటుంది: లివర్‌పూల్ వాళ్ళు మొదట వేసుకున్నది నీలం, తెలుపు చొక్కాలు. ఎరుపు 1896లో వచ్చింది. ఎవర్టన్ వాళ్ళు రకరకాల రంగులు మార్చి, 1901లో గానీ నీలానికి రాలేదు.

మరి బయటికొచ్చిన వాళ్ళు ఎక్కడికెళ్ళారు? ఎక్కువ దూరం పోలేదు. స్టాన్లీ పార్కుకి అవతలి వైపు, మైలు కూడా ఉండదు. 8,090 పౌండ్లు పెట్టి ఎగుడుదిగుడు నేల ఒకటి కొన్నారు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటాం కదా. వాళ్ళు కొన్ని నెలల్లో నేల చదును చేసి, స్టాండ్లు లేపి 1892 ఆగస్టు 24న గృహప్రవేశం చేసేశారు. పేరు గుడిసన్ పార్క్. ఆ రోజు ఫుట్‌బాల్ ఆడనేలేదు. పరుగు పందేలు, బాణసంచా, అంతే.

ఆ మైదానంలో నాకు బాగా నచ్చేది ఒక మూల. అక్కడ సెయింట్ లూక్స్ అని చర్చి ఉంది. రెండు స్టాండ్ల మధ్య ఇరుక్కుని, మ్యాచ్ చూడ్డానికొచ్చి సీటు దొరక్క నిలబడ్డ ముసలాయనలా కనిపిస్తుంది. పాత వీడియోలు చూసేటప్పుడు దాన్ని వెతకండి. 1938 నాటికి నాలుగు వైపులా రెండంతస్తుల స్టాండ్లు లేచాయి. ఇంగ్లండ్‌లో అలాంటి గ్రౌండ్ అదే మొదటిది. 1948లో లివర్‌పూల్‌తో మ్యాచ్‌కి 78,299 మంది కిక్కిరిసి నిలబడ్డారు.

ఎవర్టన్ ఆటగాడు డిక్సీ డీన్ గురించి చెప్పకపోతే ఆ ఊళ్ళో ఎవరూ నన్ను క్షమించరు. 1927-28 సీజన్లో ఆఖరి మ్యాచ్ నాటికి లీగ్‌లో అతను కొట్టిన గోల్స్ 57. రికార్డుకి ఇంకా మూడు కావాలి, ఎదురుగా ఆర్సెనల్. ఆ మూడూ కొట్టాడు! 21 ఏళ్ళ కుర్రాడు, 39 మ్యాచుల్లో 60 గోల్స్. ఆ లెక్కను ఇంగ్లండ్ అగ్రశ్రేణి లీగ్‌లో ఇప్పటిదాకా ఎవరూ దాటలేదు. 1980 మార్చి 1న అదే గుడిసన్‌లో ఎవర్టన్, లివర్‌పూల్ మ్యాచ్ చూస్తూ గుండె ఆగి పోయాడు. వందలమంది అభిమానుల అస్థికలు కూడా ఆ గడ్డి అంచునే ఉన్నాయి. చోటు చాలక, ఇక వద్దని క్లబ్బే చెప్పాల్సి వచ్చింది.

1966 ప్రపంచ కప్‌లో ఇక్కడే ఉత్తర కొరియా 25 నిమిషాల్లో పోర్చుగల్‌కి మూడు గోల్స్ కొట్టింది. తర్వాత పోర్చుగల్ ఆటగాడు యుసేబియో ఒక్కడే నాలుగు తిరగ్గొట్టి 5-3తో గెలిపించాడు. అమ్మనడిగి ఆ మ్యాచ్ చూడండి.

చిన్నదానా, ఇక నీ కోసం. 1920లో క్రిస్మస్ మర్నాడు గుడిసన్‌లో ఆడవాళ్ళ మ్యాచ్ జరిగింది. ప్రెస్టన్ ఊళ్ళో ఫ్యాక్టరీ పనిచేసే అమ్మాయిల టీం 'డిక్ కెర్ లేడీస్', సెయింట్ హెలెన్స్ అమ్మాయిలతో ఆడింది. చూడ్డానికి 53,000 మంది వచ్చారు, వేలమంది గేటు బయటే ఉండిపోయారు. ఏడాది తిరక్కుండా ఫుట్‌బాల్ సంఘం ఏం చేసిందో తెలుసా? ఈ ఆట ఆడవాళ్ళకి తగదని, సంఘంలోని క్లబ్బుల మైదానాల్లో వాళ్ళు ఆడకూడదని నిషేధం పెట్టింది. అది 1971 దాకా ఉంది. యాభై ఏళ్ళు! ఈ మాట రాస్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

2025 మే 18న, ఎవర్టన్ మగవాళ్ళ టీం గుడిసన్‌లో ఆఖరి మ్యాచ్ ఆడింది. సౌథాంప్టన్ మీద 2-0తో గెలిచి, మెర్సీ నది ఒడ్డున పాత రేవులో కట్టిన కొత్త స్టేడియానికి మారిపోయింది. అక్కడ మొదటి లీగ్ మ్యాచ్ జరిగిన తేదీ ఆగస్టు 24. గుడిసన్ గృహప్రవేశం తేదీ గుర్తుందా? ఉత్తరంలో పైకి వెళ్ళి చూడండి.

పాత ఇంటిని పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడతారనే నేను అనుకున్నాను. కట్టలేదు. ఎవర్టన్ అమ్మాయిల టీమ్‌కి ఇచ్చారు. ఆ మూల చర్చి, ఆ స్టాండ్లు, అన్నీ ఇప్పుడు వాళ్ళవే.

చిన్నదానా, నీ నీలం జెర్సీ ఇంకా పడుతోందా, పొట్టిదైందా? అమ్మమ్మ అడగమంది.

మీ
తాతయ్య