ఇంటి వెనక ఆటల కోర్టు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ పక్కన శంకర్‌పల్లి, మోకిల, చేవెళ్ల వైపు విల్లాలు, ఫామ్‌హౌస్‌లు కట్టుకుంటున్నవాళ్లు ఈ మధ్య వెనక జాగాలో చిన్న కోర్టు కూడా వేయించుకుంటున్నారు. పికిల్‌బాల్ (గట్టి బ్యాట్, ప్లాస్టిక్ బంతితో నెట్ మీదుగా ఆడే ఆట) వచ్చాక ఈ అడగడం ఇంకా పెరిగింది. కోర్టులు వేయడమే నా పని. అందరూ ముందుగా అడిగేది రంగు గురించే: నీలం బాగుంటుందా, ఆకుపచ్చా? కింద మట్టి ఏంటని అడిగేవాళ్లు తక్కువ. కోర్టు పాడైన చోట తవ్వి చూస్తే, తప్పు దాదాపు ఎప్పుడూ మట్టి దగ్గరో నీటి దగ్గరో ఉంటుంది.

అపోహ: ఉన్న సిమెంటు గచ్చు మీద అక్రిలిక్ రంగు వేసేస్తే చాలు.

అక్రిలిక్ పొరలన్నీ కలిపినా మందం ఒకటి రెండు మిల్లీమీటర్లే. కింద గచ్చు పగిలితే పైన రంగు కూడా అదే గీతలో పగులుతుంది. నల్లరేగడి అయితే మరీ జాగ్రత్త. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. ఆ కదలికను నాలుగైదు అంగుళాల స్లాబ్ ఆపలేదు. నల్లమట్టిని తగినంత లోతు తీసేసి మొరం నింపాలి. అదీ ఒక్కసారిగా కాదు, పొర పొరకూ నీళ్లు చల్లి రోలర్‌తో తొక్కించాలి. రెండడుగుల మొరం ఒకేసారి పోసి పైన రోలర్ తిప్పితే లోపల గుల్లగానే ఉండిపోతుంది. దాని మీద కంకర పొర, ఆపైన పాలిథిన్ షీటు, తర్వాత ఇనుప జాలీతో కాంక్రీటు. ఎస్టిమేట్ తగ్గించమంటే ముందు ఎగిరిపోయేది ఆ షీటే. దాని ఖరీదు చాలా తక్కువ. అది లేకపోతే నేలలోని చెమ్మ పైకి వచ్చి రంగును బుడగలుగా లేపుతుంది.

ఇంకో మాట. మన మేస్త్రీలు గచ్చును అద్దంలా నున్నగా తీయడంలో గట్టివాళ్లు. కోర్టుకు ఆ నునుపే శత్రువు. కాంక్రీటు గట్టిపడకముందే చీపురుతో సన్నగా గీతలు లాగించండి, ఆ గరుకునే అక్రిలిక్ పట్టుకుంటుంది. ఆ తర్వాత కనీసం 28 రోజులు ఆగాలి. గృహప్రవేశం దగ్గరపడిందని పదో రోజునే రంగు వేయమంటారు. ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది, అయినా ఒప్పుకోను. 28 రోజులయ్యాక కూడా ఒక పరీక్ష చేస్తాం. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు పాలిథిన్ ముక్కను స్లాబ్ మీద పరిచి, నాలుగు అంచులా టేపు అంటించి 16 గంటలు వదిలేస్తాం. తీసి చూసినప్పుడు కవరు లోపలివైపు నీటి బొట్లు కనబడినా, కింద కాంక్రీటు నల్లబడినా రంగు డబ్బాలు తెరవకూడదు.

అపోహ: కోర్టు పూర్తిగా లెవెల్‌గా ఉండాలి.

ఆరుబయట కోర్టుకు వాటం (నీళ్లు జారేలా వాలు) తప్పనిసరి. నూటికి ఒకటి చొప్పున, అంటే 30 అడుగుల వెడల్పుకు సుమారు మూడున్నర అంగుళాలు. ఆడేవాళ్లకు అది తెలియను కూడా తెలియదు. వాటం అంతా ఒకే దిక్కుకు, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఉండాలి. నెట్ దగ్గర ఎత్తుగా పెట్టి రెండు వైపులకూ వాలిస్తే ఆట చెడుతుంది. నీళ్లు ఇంటి గోడవైపో పక్కవాళ్ల ప్రహరీవైపో పోకుండా ముందే కాలువ చూసుకోవాలి.

రంగుకు ముందు పైపుతో స్లాబంతా తడిపి, ఎండ ఉన్న పూట గంట ఆగండి. ఎక్కడైనా నీళ్లు నిలిచి ఉంటే అందులో రూపాయి బిళ్ల పడుకోబెట్టి చూడండి. బిళ్ల మునిగితే అక్కడ పల్లం ఉన్నట్టే, ప్యాచ్ చేయించాలి. కాంట్రాక్టర్‌కు డబ్బు పూర్తిగా ఇవ్వకముందే ఈ పరీక్ష మీరే దగ్గరుండి చేయించండి.

అపోహ: 44 × 20 అడుగుల జాగా ఉంది, పికిల్‌బాల్ పడుతుంది.

అది గీతల కొలత మాత్రమే. వెనక్కి పరిగెత్తడానికి, పక్కకు వంగడానికి చోటు కావద్దా? మొత్తం 60 × 30 అయినా ఉండాలి, 64 × 34 అయితే హాయి. జాగా చాలనప్పుడు గోడకు ఆనించి గీతలు గీయమంటారు. నేను గీయను. బంతి కోసం వెళ్లిన పిల్లాడి భుజం గోడకు కొట్టుకుంటుంది. ఆ జాగాలో బాస్కెట్‌బాల్ రింగ్ ఒక్కటి పది అడుగుల ఎత్తులో పెట్టించుకోండి, పిల్లలు రోజూ వాడతారు. కోర్టు పొడుగు ఉత్తర దక్షిణాలుగా వస్తే పొద్దుటి, సాయంత్రపు ఎండ కళ్లలో కొట్టదు.

అపోహ: ప్లాస్టిక్ టైల్స్ అయితే కింద ఏమీ అక్కర్లేదు.

టైల్స్ కిందా గట్టి, సమమైన నేలే కావాలి. ఎండకు అవి సాగుతాయి కాబట్టి అంచుల్లో ఖాళీ వదలాలి, నేలకు బిగించకూడదు. గోడ నుంచి గోడకు టైట్‌గా వేస్తే ఏప్రిల్‌లో మధ్యలో ఉబ్బి లేస్తాయి.

అపోహ: బ్యాడ్మింటన్ ఎక్కడైనా ఒకటే.

కోర్టు కొలత అదే 44 × 20, కానీ గాలికి షటిల్ నిలవదు. ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య 2019లో బయట ఆడటానికని ఎయిర్‌బ్యాడ్మింటన్‌ను వేరే షటిల్‌తో తెచ్చిందంటేనే సంగతి అర్థమవుతుంది. మీ ఇంట్లో ఆట బ్యాడ్మింటనే అయితే షెడ్డుకు బడ్జెట్ పెట్టుకోండి.

అపోహ: మన జాగా, మన ఇష్టం.

పికిల్‌బాల్ బ్యాట్ గట్టిది, బంతి ప్లాస్టిక్‌ది. ఆ టక్‌టక్ చాలా దూరం వినబడుతుంది. కోర్టును పక్కింటి పడకగదికి వీలైనంత దూరంగా జరపండి. లైట్లు కిందికి చూసేలా బిగించి, ఒక రాత్రి వాళ్ల కిటికీ దగ్గర నిలబడి వెలుగు ఎంత పడుతోందో చూసి, అప్పుడు కోణం ఖాయం చేయించండి.