సీజర్ వీలునామా, పదో తరగతి ప్రశ్నపత్రం

పదో తరగతి పిల్లలకు షేక్‌స్పియర్ మూలపాఠమే చెప్పాలా, సులభ వచనంలో తిరగరాసిన కథ సరిపోతుందా అన్న వాదన విశాఖపట్నంలోని ఐసీఎస్ఈ బడుల్లో మళ్లీ రాజుకుంది. మన దేశంలో ఇంగ్లిష్ చదువుకు బాట వేసిన మెకాలేతో మొదలయ్యే పాత చరిత్ర అందరికీ తెలిసిందే. నేటి తగవు మూలం మాత్రం 2021 చివరి నెలల్లో ఉంది.

కోవిడ్ కారణంగా ఆ విద్యాసంవత్సరం ఐసీఎస్ఈ పరీక్షలు జరిపే కౌన్సిల్, సీఐఎస్‌సీఈ, పరీక్షలను రెండు సెమిస్టర్లుగా విడదీసి, మొదటిదాన్ని పూర్తిగా బహుళైచ్ఛిక ప్రశ్నలతో నిర్వహించింది. అంతవరకు నాటకంలోని పంక్తులిచ్చి, ఎవరు ఎవరితో ఎందుకన్నారో సొంత మాటల్లో రాయమనేవారు. సెమిస్టర్లు ఏడాదికే పోయినా ఆప్షన్ల ప్రశ్నలు నిలిచిపోయి, సాహిత్యం పేపర్‌లోని 80 మార్కుల్లో 16 వాటివే అయ్యాయి. ద్వారకానగర్ పుస్తకాల షాపుల్లో దొరికే గైడు చాలన్న నమ్మకం అక్కడే బలపడింది.

2025 బ్యాచ్ నుంచి ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’ స్థానంలో విషాదాంతమైన ‘జూలియస్ సీజర్’ రావడంతో ఆ నష్టమెంతటిదో బయటపడింది. మూడో అంకం రెండో రంగంలో, సీజర్‌ను హత్య చేసిన కుట్రదారుల్లో ఒకడైన బ్రూటస్ వచనంలో, తర్కబద్ధంగా మాట్లాడి జనాన్ని ఒప్పిస్తాడు. అతని వెనుక వచ్చిన సీజర్ మిత్రుడు ఆంటొనీ పద్యంలో మాట్లాడుతూ, బ్రూటస్ గౌరవనీయుడని పదే పదే అంటూనే ఆ మాటను నిందగా మార్చేస్తాడు. సీజర్ వీలునామాను పైకెత్తి చూపి, చదవకూడదని చెప్పి, జనమే పట్టుబట్టేలా చేసి, ముందు కత్తిపోట్లు పడ్డ అంగీని చూపించి, ఆ తరువాత గానీ సీజర్ పౌరుడికి 75 డ్రాక్మాల (నాణేల) చొప్పున ఇచ్చాడన్న సంగతి బయటపెట్టడు. డ్రాక్మాల సంఖ్య నాలుగు ఆప్షన్లలో ఇముడుతుంది. అన్నిసార్లు ఎందుకు ఆగాడన్నది ఇమడదు. మరుసటి రంగంలో ఆ ఊరి జనమే, కుట్రదారుల్లో ఒకడితో పేరు కలిసిన పాపానికి, సిన్నా అనే కవిని పొట్టన పెట్టుకుంటారు. సారాంశం చదివిన విద్యార్థికి ఆ ఘోరం ఎక్కడ మొదలైందో అంతుపట్టదు.

ఐఐటీ ఫౌండేషన్ క్లాసులతోనే పొద్దు చాలని పిల్లలకు 1599 నాటి భాష భారమని తల్లిదండ్రుల అభ్యంతరం. ఉపాధ్యాయులు దీనికి మన ప్రాంతం నుంచే జవాబు చెబుతున్నారు: ఉత్తరాంధ్ర పల్లెల్లో రాయబారం పద్యాలను బడి ముఖం చూడని వారు కూడా రాత్రంతా కూర్చుని విన్నారు, చెవిన పడగా పడగా అర్థం చేసుకున్నారు. షేక్‌స్పియర్‌ను తెలుగులోకి తెచ్చిన తొలివారిలో ఒకరైన వావిలాల వాసుదేవశాస్త్రి 1870లలో ‘సీజరు చరిత్రము’గా పద్యాల్లో రాసింది కూడా ఈ నాటకాన్నే.

కౌన్సిల్ నిర్దేశించిన పాఠం సైతం సంక్షిప్తం కాదు, షేక్‌స్పియర్ నాటకాల సంపాదకుడు వెరిటీ పరిష్కరించిన పూర్తి నాటకం. కాబట్టి మూలాన్ని వదిలేసే వెసులుబాటు బడులకు లేదు. వాటి చేతిలో ఉన్నవి 20 అంతర్గత మూల్యాంకన మార్కులు. ఆంటొనీ ప్రసంగాన్ని తరగతిలో గొంతెత్తి చదివించి, దానిపై పిల్లల చేత సొంతంగా రాయించి ఆ మార్కులు వేయాలని ఇంగ్లిష్ టీచర్లు అడుగుతున్నారు.